మాస్ ద దోమాస్ గసాక్ తెల్ల వైను

మాస్ ద దోమాస్ గసాక్ తెల్ల వైను దక్షిణ ఫ్రాన్సులోని లాంగ్‌దోక్ ప్రాంతానికి చెందిన ఒక మిశ్రమ వైను. ఎరో జిల్లాలోని అనియాన్ అనే చిన్న పట్టణం సమీపాన ఉన్న అదే పేరుగల ఎస్టేటులో ఇది తయారవుతుంది. వియోనియే, షార్డొనే, పెతీ మాన్సాన్, షెనాన్ బ్లాన్ అనే నాలుగు ద్రాక్ష రకాలు దీనిలో ప్రధానమైనవి. వీటికి తోడు మరికొన్ని అరుదైన రకాలను స్వల్ప పాళ్లలో కలుపుతారు. ఈ తెల్ల వైను మొదటిసారిగా 1986 పంటతో వెలువడింది. దీనికి ఎనిమిదేళ్ల ముందు, 1978 పంటతో, ఇదే ఎస్టేటు ఎర్ర వైను వెలువడి పేరు తెచ్చుకుంది.

ఫ్రెంచి వైన్ల వర్గీకరణలో అత్యున్నత హోదా ఈ వైనుకు లేదు. అయినప్పటికీ దక్షిణ ఫ్రాన్సులోని మేలైన తెల్ల వైన్లలో ఒకటిగా దీనిని పరిగణిస్తారు. ఒక వైను విలువను నిర్ణయించేది చట్టమా, నేలా, తయారుచేసే మనిషా అన్న ప్రశ్న దీని చరిత్ర అంతటా కనిపిస్తుంది.

పేరు

దక్షిణ ఫ్రాన్సు ప్రాంతీయ భాష అయిన ఒక్సితాన్‌లో "మాస్" అనగా పొలంలో కట్టుకున్న రైతు ఇల్లు, దానిని ఆనుకొని ఉన్న వ్యవసాయ క్షేత్రం. "దోమాస్" అనేది ఈ క్షేత్రం పూర్వపు యజమానుల ఇంటిపేరు. "గసాక్" ఈ తోటల పక్కగా ప్రవహించే చిన్న వాగు పేరు. కనుక "గసాక్ వాగు ఒడ్డున ఉన్న దోమాస్ వారి పొలం" అని ఈ పేరును అర్థం చేసుకోవచ్చు.

ప్రాంతం, శీతోష్ణస్థితి

అనియాన్ మధ్యధరా సముద్రతీరానికి సమీపంలోని నగరమైన మోంపెలియేకు పశ్చిమ వాయవ్య దిశగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, ఎరో నది లోయలో ఉంది. క్రీ.శ. 782లో సెయింట్ బెనెడిక్ట్ ఇక్కడ ఒక క్రైస్తవ మఠాన్ని స్థాపించాడు. ఐరోపాలోని బెనెడిక్టైన్ మఠాల నియమావళిని సంస్కరించిన వ్యక్తిగా ఆయన ప్రసిద్ధుడు. సమీపంలోని సాన్-గిలెమ్-లె-దెజేర్ మఠం క్రీ.శ. 804లో ఏర్పడింది. సాంతియాగో యాత్రామార్గాలలో భాగంగా 1998లో ఆ మఠానికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది.

ఈ ప్రాంతపు శీతోష్ణస్థితి మధ్యధరా తరహాకు చెందినది. వేసవి వేడిగా, పొడిగా ఉంటుంది. వర్షాలు ఎక్కువగా శరదృతువులోను, చలికాలంలోను కురుస్తాయి. కొండవాలులన్నీ "గారిగ్" అని పిలిచే పొదల అడవితో నిండి ఉంటాయి. రోజ్‌మేరీ, థైమ్, లావెండర్ వంటి సువాసన మొక్కలు, పొట్టి ఓక్ చెట్లు ఈ పొదలలో ప్రధానమైనవి.

గసాక్ లోయకు చుట్టుపక్కల మైదానాలలో లేని ఒక ప్రత్యేకత ఉంది. ఉత్తరాన ఉన్న లార్జాక్ పీఠభూమి నుండి రాత్రివేళ చల్లని గాలి ఈ లోయలోకి దిగుతుంది. పగలు ఎంత ఎండ కాసినా రాత్రి చల్లబడుతుంది కాబట్టి కాయ నిదానంగా పండుతుంది. తెల్ల వైనుకు ఈ రాత్రి చలువ ఎంత అవసరమో కింది విభాగాలలో వివరించబడింది.

తోటలు ఒకే పెద్ద కమతంగా ఉండవు. అడవి మధ్యలో అక్కడక్కడా చదును చేసిన అనేక చిన్న చిన్న మడులుగా ఉంటాయి. మొత్తం విస్తీర్ణం సుమారు 50 హెక్టార్లు. మడుల మధ్య అడవిని అలాగే ఉంచడం ఈ ఎస్టేటు మొదటి నుండి పాటిస్తున్న పద్ధతి. రసాయన ఎరువులు, కలుపు మందులు వాడరు.

చారిత్రక నేపథ్యం

మాస్ ద దోమాస్ గసాక్ ఎందుకు విశేషమైనదో తెలియాలంటే లాంగ్‌దోక్ వైన్ల గతాన్ని కొంత తెలుసుకోవాలి. ఇక్కడ రోమనుల కాలం నుండి ద్రాక్ష పండుతోంది. 19వ శతాబ్దం మధ్యలో రైలుమార్గాలు వచ్చిన తరువాత ఇక్కడి వైను ఉత్తర ఫ్రాన్సులోని పారిశ్రామిక నగరాలకు భారీగా తరలసాగింది. ఆ నగరాలలోని కార్మికులకు చౌకగా దొరికే రోజువారీ వైను కావాలి. రైతులు నాణ్యతను వదలి దిగుబడికే ప్రాధాన్యమిచ్చారు. కొండవాలులలోని తోటలు తగ్గి, విస్తారంగా కాసే రకాలతో మైదానపు తోటలు పెరిగాయి.

1860లలో ఫైలోక్సెరా అనే వేరుపురుగు ఫ్రాన్సు తోటలను నాశనం చేయడం మొదలుపెట్టింది. అమెరికా నుండి వచ్చిన ఈ పురుగును 1868లో మోంపెలియేకు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు జూల్-ఎమిల్ ప్లాన్షోన్, ఆయన సహచరులు గుర్తించారు. ఈ పురుగును తట్టుకోగల అమెరికా జాతి ద్రాక్ష వేర్లపై ఐరోపా ద్రాక్షను అంటుకట్టడం ద్వారా తోటలను మళ్లీ నిలబెట్టారు.

అయితే తోటలతోపాటు కష్టాలు కూడా తిరిగి వచ్చాయి. అవసరానికి మించిన ఉత్పత్తి వలన, చక్కెర నీళ్లతో కల్తీ వైను తయారుచేసేవారి వలన ధరలు పడిపోయాయి. 1907లో లాంగ్‌దోక్ ద్రాక్ష రైతులు పెద్దయెత్తున తిరుగుబాటు చేశారు. ఆ ఏడాది జూన్ 9న మోంపెలియేలో లక్షలాది మంది గుమిగూడారు. నార్బోన్ పట్టణంలో సైన్యం కాల్పులు జరపగా కొందరు మరణించారు. చివరకు 1907 జూన్ 29న కల్తీని అరికట్టే చట్టం వచ్చింది. రైతులు సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. అయినా "లాంగ్‌దోక్ వైను అంటే చౌక వైను" అన్న పేరు 20వ శతాబ్దం చివరి వరకు చెరగలేదు.

ఎస్టేటు స్థాపన

ఎమె గిబేర్ ఉత్తరాన ఉన్న మియో పట్టణానికి చెందినవాడు. తోలు చేతితొడుగుల తయారీకి ప్రసిద్ధి చెందిన ఆ పట్టణంలో ఆయన కుటుంబానిది కూడా అదే వృత్తి. ఎమె గిబేర్, మానవజాతి శాస్త్రం చదివిన ఆయన భార్య వెరోనిక్ 1970ల ఆరంభంలో నివాసం కోసం ఇల్లు వెతుకుతూ దోమాస్ కుటుంబం వారి పొలాన్ని కొన్నారు. వైను తయారీలో వారికి పూర్వానుభవం లేదు. ఆ పొలంలో ఏమి పండించాలన్న నిర్ణయం కూడా అప్పటికి జరగలేదు.

వారి పరిచయస్తుడైన ఆన్రీ ఎంజల్బేర్ ఆ నేలను పరిశీలించాడు. ఆయన బోర్డో విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్ర ఆచార్యుడు, ద్రాక్ష నేలల నిపుణుడు. లోతుగా, వదులుగా, నీరు నిలవకుండా ఉన్న ఎర్రని నేలను అక్కడ చూశాడు. హిమయుగాలలో గాలి మోసుకువచ్చి పేర్చిన ధూళితో ఆ నేల ఏర్పడిందని, మేలైన వైనుకు అది అరుదైన నేల అని అభిప్రాయపడ్డాడు. నీరు త్వరగా ఇంకిపోయే నిస్సారమైన నేలలో ద్రాక్ష వేర్లు నీటి కోసం లోతుకు దిగుతాయి. తీగ విపరీతంగా పెరగదు. కాయలు తక్కువగా, చిన్నవిగా కాసి, రసం చిక్కగా ఉంటుంది. సాధారణ పంటలకు లోపంగా కనిపించే గుణం ఇక్కడ మేలు చేస్తుంది.

దంపతులు మొదట ప్రధానంగా బోర్డో ప్రాంతానికి చెందిన కాబెర్నే సొవిన్యోన్ అనే నల్ల ద్రాక్షను నాటారు. 1978లో తొలి వైను తయారీకి ఎమిల్ పెయ్నో సలహాదారుగా వచ్చాడు. బోర్డోలోని ప్రఖ్యాత ఎస్టేట్లకు మార్గదర్శకత్వం వహించిన ఆయనను ఆధునిక వైను శాస్త్ర నిర్మాతలలో ఒకరిగా గౌరవిస్తారు. అప్పటికి పేరులేని లోయలోని కొత్త తోటకు ఆయన రావడమే విశేషమైన సంగతి. పాత నీటిమిల్లు పునాదులపై నేలమాళిగ నిర్మించారు. దాని అడుగున పారే చల్లని ఊటల వలన మాళిగ సహజంగా చల్లగా ఉంటుంది.

తొలి సంవత్సరాలలో వైను అమ్ముడుపోవడం కష్టమైంది. 1982లో ఫ్రాన్సుకు చెందిన గో-మియో పత్రిక ఈ ఎర్ర వైనును బోర్డోలోని సుప్రసిద్ధ షాతో లాఫీత్ వైనుతో పోల్చింది. దానితో ఎస్టేటు పేరు దేశ విదేశాలకు తెలిసింది.

ద్రాక్ష రకాలు

తెల్ల వైనుకు ఎంచుకున్న ప్రధాన రకాలలో ఏదీ లాంగ్‌దోక్‌కు చెందినది కాదు. నాలుగూ ఫ్రాన్సులోని నాలుగు వేర్వేరు ప్రాంతాలవి.

వియోనియే: ఇది ఉత్తర రోన్ లోయలోని కోండ్రియూ గ్రామానికి చెందిన రకం. 1960ల నాటికి కొద్ది హెక్టార్లలో మాత్రమే మిగిలి దాదాపు అంతరించే స్థితికి చేరింది. తరువాతి దశాబ్దాలలో తిరిగి ప్రపంచమంతటా వ్యాపించింది. ఆప్రికాట్, పీచ్ పండ్ల వాసన, పూల పరిమళం దీని ప్రత్యేకతలు. పులుపు తక్కువగా ఉండటం దీని లోపం.

షార్డొనే: ఇది బర్గండీ ప్రాంతపు రకం. పినో, గువే బ్లాన్ అనే రెండు పాత రకాల సహజ సంకరం వలన ఇది పుట్టిందని 1999లో ప్రచురించిన జన్యు పరిశోధన తేల్చింది. దీని సొంత వాసన అంత ఘాటైనది కాదు. వైనుకు నిండుదనాన్ని, నోటిలో చిక్కదనాన్ని ఇస్తుంది.

పెతీ మాన్సాన్: ఇది పిరనీస్ పర్వతపాదంలోని జ్యురాన్సోన్ ప్రాంతపు రకం. కాయలు చిన్నవి, తొక్క మందం. బాగా పండి చక్కెర పెరిగినా పులుపు తగ్గకపోవడం దీని విశిష్ట గుణం. స్వస్థలంలో దీనిని శరదృతువు చివరి వరకు తీగమీదే ఉంచి తియ్యని వైను చేస్తారు.

షెనాన్ బ్లాన్: ఇది లువార్ నదీ లోయకు చెందిన రకం. పులుపు ఎక్కువ. దీనితో చేసిన మంచి వైన్లు దశాబ్దాల పాటు నిలవ ఉంటాయి.

మిశ్రమంలో మొదటి మూడు రకాల పాళ్లు ఇంచుమించు సమానంగా ఉంటాయి. షెనాన్ బ్లాన్ వాటికంటే తక్కువ. మిగిలిన కొద్ది భాగం అరుదైన రకాలది. స్విట్జర్లాండుకు చెందిన పెతీత్ ఆర్వీన్, మదీరా ద్వీపానికి చెందిన సెర్సియల్, ఇజ్రాయెల్ నుండి తెచ్చిన నెహెలెస్కోల్ వీటిలో కొన్ని. పాళ్లు ఏటా ఒకేలా ఉండవు. ఆ సంవత్సరపు పంటను బట్టి మారుతుంటాయి.

ఇవన్నీ వైను కోసం పండించే రకాలు. తినడానికి పండించే ద్రాక్షకు, వీటికి తేడా ఉంది. హైదరాబాదు పరిసరాలలో ప్రసిద్ధి చెందిన అనాబ్-ఎ-షాహి వంటి రకాలలో కాయ పెద్దది, తొక్క పలుచన, గుజ్జు ఎక్కువ. వైను ద్రాక్షలో కాయ చిన్నది, తొక్క మందం, గింజలుంటాయి, చక్కెర కూడా ఎక్కువ. వాసననిచ్చే పదార్థాలు అధికంగా తొక్కలోను, దానిని అంటిపెట్టుకున్న పొరలోను ఉంటాయి కాబట్టి చిన్న కాయలే వైనుకు మేలు.

మిశ్రమం అవసరం

వైను రుచి ముఖ్యంగా చక్కెర, పులుపు, పరిమళం అనే మూడింటి సమతుల్యం మీద ఆధారపడుతుంది. చక్కెర పులిసి ఆల్కహాలుగా మారుతుంది. పులుపు వైనుకు తాజాదనాన్ని, నిలవ గుణాన్ని ఇస్తుంది. కాయ పండుతున్నకొద్దీ చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది.

ద్రాక్షలో ప్రధానంగా టార్టారిక్, మాలిక్ అనే రెండు ఆమ్లాలు ఉంటాయి. టార్టారిక్ ఆమ్లం చాలా వరకు స్థిరంగా నిలుస్తుంది. మాలిక్ ఆమ్లాన్ని మాత్రం కాయ తన శ్వాసక్రియలో ఖర్చు చేస్తుంది. వేడి ఎక్కువైనకొద్దీ ఈ ఖర్చు వేగంగా జరుగుతుంది. రాత్రులు కూడా వేడిగా ఉండే ప్రాంతాలలో కోతకు వచ్చేసరికి పులుపు బాగా తగ్గిపోతుంది. అటువంటి ద్రాక్షతో చేసిన తెల్ల వైను ఆల్కహాలు ఎక్కువై, చప్పగా, బరువుగా ఉంటుంది. దక్షిణాది తెల్ల వైన్లకు పూర్వం చెడ్డపేరు రావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

గసాక్ లోయలో ఈ సమస్యకు రెండు పరిష్కారాలున్నాయి. ఒకటి ప్రకృతి ఇచ్చినది, అంటే పీఠభూమి నుండి దిగే రాత్రి చలువ. రెండవది మనిషి కూర్చినది, అంటే రకాల ఎంపిక. వియోనియేలో పరిమళం ఉంది, పులుపు లేదు. పెతీ మాన్సాన్, షెనాన్ బ్లాన్‌లలో పులుపు సమృద్ధిగా ఉంది. షార్డొనే వీటికి నిండుదనాన్ని చేకూరుస్తుంది. ఒకదానిలో లేనిది మరొకటి పూరిస్తుంది. ఒక సంవత్సరం ఒక రకం సరిగా పండకపోయినా మిగిలిన వాటి పాళ్లు మార్చి వైనును నిలబెట్టవచ్చు.

తయారీ విధానం

ద్రాక్షను చేతితో కోస్తారు. ఒక్కో రకం ఒక్కో సమయంలో పండుతుంది కనుక కోత విడతలుగా సాగుతుంది. కాయలను గుత్తి కాడల నుండి వేరుచేస్తారు.

దాదాపు అన్ని ద్రాక్షల రసమూ రంగులేనిదే. ఎర్ర వైనుకు రంగు తొక్క నుండి వస్తుంది. అందుకే ఎర్ర వైనును తొక్కలతో కలిపి పులియబెడతారు, తెల్ల వైనుకు తొక్కలను ముందే తీసివేసి రసాన్ని మాత్రమే పులియబెడతారు. కొందరు తయారీదారులు వాసన కోసం రసాన్ని కొన్ని గంటలపాటు తొక్కలతో నానబెడతారు. మాస్ ద దోమాస్ గసాక్‌లో ఈ నానబెట్టడం కొన్ని రోజులపాటు సాగుతుంది. తొక్కలోని పరిమళ పదార్థాలు రసంలోకి ఎక్కువగా దిగడం దీని ప్రయోజనం. అయితే ఇందులో చిక్కు కూడా ఉంది. వ్యవధి మితిమీరితే తొక్కలోని వగరు కూడా రసంలోకి వస్తుంది. కనుక పండిన, ఆరోగ్యమైన కాయలు తప్పనిసరి.

ఆ తరువాత రసాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు తొట్లలో పులియబెడతారు. ఈస్టు కణాలు చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తాయి. ఈ మార్పును కిణ్వ ప్రక్రియ అంటారు. దీనిలో వేడి పుడుతుంది. ఉష్ణోగ్రత హెచ్చితే సున్నితమైన వాసనలు ఎగిరిపోతాయి కాబట్టి తొట్లను చల్లబరుస్తూ ఉంటారు. కొన్ని నెలలు ఆ తొట్లలోనే ఉంచి, తరువాత సీసాలలో నింపుతారు.

బర్గండీ వంటి ప్రాంతాలలో మేలైన తెల్ల వైనును ఓక్ చెక్క పీపాలలో ఉంచడం ఆనవాయితీ. పీపా నుండి వనిల్లా, కాల్చిన రొట్టె వంటి వాసనలు వైనుకు అంటుతాయి. గసాక్‌లో స్టీలు తొట్లు వాడటం వలన ద్రాక్షకు సహజమైన వాసనలే పైకి తెలుస్తాయి.

చట్టపరమైన హోదా

1935లో ఫ్రాన్సు వైన్ల మూలస్థానాన్ని రక్షించే చట్టాన్ని చేసింది. దాని ప్రకారం ఏర్పడిన అత్యున్నత హోదాను "నియంత్రిత మూలస్థాన నామం" అని తెలుగులో చెప్పవచ్చు. ఫ్రెంచి పదాల తొలి అక్షరాలతో దీనిని ఏ.ఓ.సి. అని పిలుస్తారు. ఒక ప్రాంతం పేరును సీసాపై వేసుకోవాలంటే ఆ ప్రాంతపు నిబంధనలన్నీ పాటించాలి. ఎక్కడ పండించాలి, ఏ రకాలు నాటాలి, హెక్టారుకు ఎంత దిగుబడి మించరాదు, ఎలా తయారుచేయాలి అనేవి ఈ నిబంధనలలో ఉంటాయి.

కల్తీ నుండి, దొంగ పేర్ల నుండి రైతును కాపాడటం ఈ చట్టం ఉద్దేశం. 1907 నాటి అనుభవాన్ని బట్టి చూస్తే దాని అవసరం తెలుస్తుంది. మన దేశంలో 1999లో చేసిన భౌగోళిక గుర్తింపు చట్టం కూడా ఇదే కోవకు చెందినది. పోచంపల్లి ఇక్కత్, తిరుపతి లడ్డు, బంగినపల్లి మామిడి ఆ చట్టం కింద గుర్తింపు పొందినవే. ప్రపంచ వాణిజ్య సంస్థకు చెందిన మేధాసంపత్తి ఒప్పందం ఇటువంటి పేర్లన్నింటికీ రక్షణ కల్పిస్తుంది. వాటిలో వైన్లకు, సారాయాలకు అదనపు రక్షణ ఇచ్చింది.

అయితే ఏ.ఓ.సి. నిబంధనలు ఆ ప్రాంతపు పాత అలవాట్లను ఆధారం చేసుకుంటాయి. కోతో ద్యు లాంగ్‌దోక్ అనే స్థానిక ఏ.ఓ.సి. 1985లో ఏర్పడింది. దాని అనుమతి పొందిన రకాలు గ్రెనాష్, బుర్బులాంక్ వంటి దక్షిణాది రకాలు. గిబేర్ నాటిన మిశ్రమానికి అందులో చోటు లేదు. 2014లో గుర్తింపు పొందిన తెరాస్ ద్యు లార్జాక్ ఏ.ఓ.సి. పరిధిలోకి అనియాన్ వచ్చినా, ఆ పేరు ఎర్ర వైన్లకే వర్తిస్తుంది.

కనుక ఈ వైను చాలాకాలం "వాన్ ద పేయి ద లెరో", అనగా "ఎరో ప్రాంతపు దేశవాళీ వైను" అనే కింది తరగతి పేరుతో అమ్ముడుపోయింది. సామాన్యమైన వైన్లకు ఉద్దేశించిన ఆ పేరు కిందనే ఉన్నత శ్రేణి ధర పలికింది. 2009లో ఐరోపా సమాఖ్య వర్గీకరణను మార్చింది. దేశవాళీ వైన్లు "రక్షిత భౌగోళిక గుర్తింపు" అనే తరగతిలోకి మారాయి. ప్రస్తుతం ఈ వైను ఆ తరగతిలో సాన్-గిలెమ్-లె-దెజేర్ పేరుతో, అనియాన్ పట్టణం పేరును కూడా జోడించుకొని వెలువడుతోంది.

మొండావి వివాదం

2000లో అమెరికాకు చెందిన రాబర్ట్ మొండావి సంస్థ అనియాన్‌లో ఒక పెద్ద ఎస్టేటును నెలకొల్పాలని తలపెట్టింది. ఆర్బుస్సాస్ కొండపై ఉన్న పట్టణ ఉమ్మడి అటవీ భూమిలో సుమారు 50 హెక్టార్లను తోటగా మార్చాలన్నది ప్రతిపాదన. నాటి పురపాలక సంఘం దీనికి అనుకూలించింది. ఉపాధి, పన్నుల ఆదాయం, ప్రాంతానికి ప్రపంచ ప్రఖ్యాతి వస్తాయని సమర్థకులు భావించారు. అడవి పోతుందని, ఉమ్మడి భూమి ఒక విదేశీ సంస్థ పరమవుతుందని వ్యతిరేకులు వాదించారు. పర్యావరణవాదులు, వేటగాళ్లు, కొందరు రైతులు ఈ పక్షాన నిలిచారు. ఎమె గిబేర్ వారిలో ప్రముఖుడు.

2001 మార్చిలో జరిగిన పురపాలక ఎన్నికలలో ఇదే ముఖ్యాంశమైంది. ప్రతిపాదనను వ్యతిరేకించిన కమ్యూనిస్టు అభ్యర్థి మేయరుగా ఎన్నికయ్యాడు. కొద్ది వారాలకు మొండావి సంస్థ తన ప్రయత్నాన్ని విరమించుకుంది. జొనాథన్ నోసిటర్ దర్శకత్వం వహించిన "మొండోవినో" అనే డాక్యుమెంటరీ చిత్రంలో ఈ ఉదంతం చోటుచేసుకుంది. 2004 కాన్ చలనచిత్రోత్సవం పోటీ విభాగంలో ప్రదర్శించిన ఆ చిత్రం ద్వారా గిబేర్ వైను ప్రపంచం వెలుపల కూడా పరిచితుడయ్యాడు.

ఈ వివాదంలో గిబేర్ పాత్రపై భిన్నాభిప్రాయాలున్నాయి. స్థానిక సంస్కృతిని కాపాడిన వ్యక్తిగా కొందరు ఆయనను కొనియాడారు. తన ఎస్టేటుకు పోటీ రాకుండా చూసుకున్నాడని మరికొందరు విమర్శించారు. ఆయన కూడా వేరే ఊరి నుండి వచ్చినవాడే, ఆయన నాటిన ద్రాక్ష కూడా వేరే ప్రాంతాలదే. అయితే ఆయన నాటినవి అడవి మధ్య చిన్న మడులు, ప్రతిపాదిత తోట ఒకేచోట విస్తారమైన కమతం. ఒక నేలకు ఏది స్వంతం, ఏది పరాయి అన్న ప్రశ్నకు సులభమైన సమాధానం లేదని ఈ ఉదంతం తెలియజేస్తుంది. ద్రాక్ష రకం పరాయిదైనా నేల, గాలి, సాగుపద్ధతి కలిసి వైనును ఆ చోటికి చెందినదిగా చేస్తాయన్నది గసాక్ వైను మీద గిబేర్ కుటుంబం వాదన. రకాలు కూడా ఆ చోటివే కావాలన్నది ఏ.ఓ.సి. చట్టం దృష్టి.

రుచి, వాడుక

కొత్తగా ఉన్నప్పుడు ఈ వైను లేత బంగారు రంగులో ఉంటుంది. ఆప్రికాట్, పీచ్, తెల్లని పూల వాసనలు ముందుగా తెలుస్తాయి. వీటిలో వియోనియే పాత్ర ఎక్కువ. చివరలో నాలుకపై నిలిచే పులుపు పెతీ మాన్సాన్, షెనాన్ బ్లాన్‌ల నుండి వస్తుంది. కొన్నేళ్లు నిలవ ఉంచితే రంగు ముదిరి, పండ్ల వాసన తగ్గి, తేనె, ఎండు గింజలను తలపించే వాసనలు ఏర్పడతాయి. లేతగాను, ముదిరిన తరువాతను రెండు వేర్వేరు వైన్లుగా తోస్తుందని దీనిని ఎరిగినవారు అంటారు.

దీనిని సుమారు 12 డిగ్రీల సెల్సియస్ వద్ద తాగడం ఆనవాయితీ. మరీ చల్లబరిస్తే పరిమళం తెలియదు. చేపలతోను, ఆ ప్రాంతంలో విరివిగా దొరికే మేకపాల జున్నుతోను వడ్డిస్తారు. ఇతర వైన్ల వలెనే దీనిలోనూ ఆల్కహాలు ఉంటుంది. ఆల్కహాలు కలిగిన పానీయాలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ కాన్సరు కారకాల జాబితాలో చేర్చింది.

ప్రభావం, నేటి స్థితి

మాస్ ద దోమాస్ గసాక్ తరువాత లాంగ్‌దోక్‌లో అనేకులు కొండవాలు నేలలపై దృష్టి పెట్టారు. అనియాన్‌లోనే ఉన్న గ్రాంజ్ దే పేర్ ఎస్టేటు 1992 పంటతో ప్రారంభమై, ఎర్ర వైనుతో పాటు రూసాన్ ద్రాక్ష ప్రధానంగా ఉన్న తెల్ల వైనుకు కూడా పేరు పొందింది. అది కూడా దేశవాళీ వైను హోదాతోనే వెలువడింది. నాణ్యతకు, హోదాకు ఉన్న సంబంధం తప్పనిసరి కాదని ఈ రెండు ఎస్టేట్లూ చూపాయి. గిబేర్ కుటుంబం విల్వేరాక్ గ్రామ సహకార సంఘపు రైతులతో కలిసి "ములాన్ ద గసాక్" అనే పేరుతో అందుబాటు ధరలో వైన్లను కూడా తయారుచేయించింది.

ఎమె గిబేర్ 2016 మే నెలలో మరణించాడు. ఆ తరువాత ఎస్టేటు నిర్వహణ ఆయన కుమారుల చేతిలో ఉంది. తెల్ల వైనులోని నాలుగు ప్రధాన రకాలూ, మడుల మధ్య అడవిని నిలిపి ఉంచే పద్ధతీ కొనసాగుతున్నాయి. ఐరోపాలో వేసవులు క్రమంగా వేడెక్కుతున్నందున దక్షిణ ఫ్రాన్సు అంతటా ద్రాక్ష కోతలు పూర్వంకంటే ముందుగా జరుగుతున్నాయి. పులుపును నిలుపుకొనే రకాల కోసం ఇతర ప్రాంతాల తయారీదారులు కూడా వెతుకుతున్నారు. స్థానిక నియమాలను కాదని 1980లలో పెతీ మాన్సాన్, షెనాన్ బ్లాన్‌లను ఈ లోయలో నాటడం వెనుక ఉన్న ఆలోచనకు ఈ మార్పుల వలన కొత్త ప్రాధాన్యం ఏర్పడింది.